మగవారికి మాత్రమే: పక్షవాత చికిత్సా చరిత్రలో స్త్రీపురుష భేదము

మన వైద్యులు వేయేండ్లకు పైగా రోగనిర్ణయమునకు ప్రమాణముగా గైకొనుచు వచ్చిన మాధవకరుని నిదానగ్రంథమున, వాతవ్యాధుల ప్రకరణమందు, పక్షాఘాతమును గూర్చిన ఒక నిషేధము కలదు. గర్భిణికిని, బాలింతకును, బాలునకును, వృద్ధునకును, క్షీణించినవానికిని, రక్తము కోల్పోయినవానికిని ఈ వ్యాధి సోకి, అందు వేదన తెలియకుండినచో, వైద్యుడు చికిత్సకు పూనుకొనరాదని ఆయన శాసించెను. అసాధ్యమైన రోగమునకు మందిచ్చి ధనము గైకొనుట అధర్మమని తలచిన కాలమది గావున, ఈ నిషేధమును నిర్దయగా భావింపనక్కరలేదు. కాని ఆ ఆరుగురిలో మొదటి ఇద్దరును స్త్రీలే యగుట గమనింపదగిన విషయము. పక్షవాతము స్త్రీయందు ఒక తీరునను, పురుషునియందు వేరొక తీరునను పరిణమించునను తలంపు మన దేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. గ్రీకు దేశపు హిప్పోక్రటీసు సూత్రములలో బలమైన పక్షవాతము కుదరదనియు, బలహీనమైనది కూడ సులభముగా కుదరదనియు, నలువది మొదలు అరువది యేండ్ల నడుమ అది హెచ్చుగా వచ్చుననియు ఉన్నది గాని, అచ్చట స్త్రీల ప్రసక్తి లేదు.

వ్యాధికి మూలము మెదడులోని రక్తనాళములలో నున్నదని తేలుటకు పదునేడవ శతాబ్దము రావలసి వచ్చెను. స్విట్జర్లాండులోని షాఫ్‌హౌసెన్ నగరపు వైద్యుడు యోహాన్ యాకబ్ వెప్ఫర్, పక్షవాతముతో మరణించినవారి తలలను కోసి పరీక్షించి, నాళము పగిలి రక్తము చిమ్ముటయో, నాళము మూసికొని రక్తము అందకుండుటయో ఇందుకు కారణమని 1658లో ప్రకటించెను. ఈనాటి వైద్యులు చేయు ప్రధాన విభజనము కూడ ఇదియే. కారణము తెలిసినను మూడు వందల యేండ్లు చికిత్స మాత్రము లేదు. ఐరోపాలో నెత్తురు తీసిరి. మన పల్లెలలో పావురపు మాంసము తినిపించిరి, దాని రక్తముతో చచ్చుపడిన కాలుసేతులను మర్దించిరి. ఈ రెంటిలో రోగికి తక్కువ కీడు చేసినది పావురమే యని నా నమ్మకము.

మాధవకరుడు చెప్పిన బాలింత విషయము ఒకింత నిలిచి చూడదగినది. కాన్పు తరువాత కొలది దినములకు తీవ్రమైన తలనొప్పితో మొదలై, మూర్ఛలు వచ్చి, ఒక ప్రక్క కాలుసేతులు పడిపోవు దురవస్థ మన దేశమున పూర్వము విరివిగా నుండెను. సూతికావాయువను పేరున మన ముత్తవలు భయపడిన వ్యాధులలో ఇదియు ఒకటి యై యుండవచ్చును. ఇది తక్కిన పక్షవాతమువంటిది కాదు. మెదడునకు రక్తము గొనిపోవు ధమనులలో గాక, మెదడు నుండి రక్తమును వెలికి తెచ్చు సిరలలో గడ్డ కట్టుటవలన కలుగునది. గర్భధారణమున స్త్రీ రక్తమునకు గడ్డకట్టు శక్తి సహజముగనే హెచ్చును. ప్రసవమున రక్తస్రావమును ఆపుటకై ప్రకృతి చేసిన యేర్పాటది. దానికి తోడు, బాలింత నీరు త్రాగినచో ఒడలు నీరుపట్టునని వెరచి, దాహమని మొత్తుకొన్నను గుక్కెడు వేడినీటితో సరిపుచ్చి, గాలి చొరని గదిలో కుంపటి ప్రక్కన పరుండబెట్టి, కాయపు ముద్దలు మ్రింగించు ఆచారము మన తెలుగు ఇండ్లలోను, పొరుగు రాష్ట్రములలోను ఉండెను. ఒంటిలో నీరు ఇంకి రక్తము చిక్కబడుటకు ఇంతకంటె అనువైన ఏర్పాటు మరియొకటి యుండబోదు. మదురైలో శ్రీనివాసన్ అను నాడీవైద్యుడు గర్భిణులలోను బాలింతలలోను మెదడు నాళములు గడ్డకట్టిన 135 మంది వృత్తాంతమును 1983లో ప్రకటించెను. బెంగుళూరు నిమ్‌హాన్సు ఆసుపత్రిలో నాగరాజు మొదలగువారు హెపారిన్ అను మందును స్వల్పమాత్రలో ఇచ్చి మేలు కనుగొనిరి. అటుపిమ్మట అనేక దేశముల వైద్యులు కూడి, ఈ సిరల గడ్డ రోగము వచ్చిన 624 మందిని కనిపెట్టి చూడగా, వారిలో ముప్పాతికమంది స్త్రీలే. అయినను పూర్తిగా కోలుకొన్నవారు స్త్రీలలో నూటికి 81 మందియు, పురుషులలో 71 మందియు నుండిరి. స్త్రీకే ఎక్కువగా వచ్చు పక్షవాతము, పురుషునికంటె స్త్రీనే తేలికగా విడిచిపోవుచున్నది. మాధవకరుడు చేయి విడువుమన్న బాలింతయే నేడు చక్కగా కోలుకొను రోగి. మాధవకరుని చూపు తప్పు కాదు. ఆయన చేతిలో హెపారిన్ లేదు, ఇంటివారి చేతిలో నీళ్ళచెంబు లేదు.

ఇక ధమనులు మూసికొనుటవలన వచ్చు సామాన్య పక్షవాతమునకు వత్తము. దీని చికిత్సలో స్త్రీపురుష భేదము ఎట్లు పుట్టి, ఎట్లు చట్టమెక్కి, ఎట్లు దిగిపోయినదో తెలిసికొనుటకు ఆస్పిరిన్ కథకంటె మించినది లేదు. కాలిఫోర్నియాలోని గ్లెండేల్ పట్టణమున లారెన్స్ క్రేవెన్ అను సామాన్య వైద్యుడుండెను. టాన్సిల్సు కోయించుకొన్నవారు నొప్పి తగ్గుటకై ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్మును అమితముగా నమలినప్పుడు రక్తము ఎంతకును కట్టకపోవుట చూచి, రక్తము గడ్డకట్టుటను ఆపు మందు గుండెపోటునేల ఆపరాదని ఆయన తర్కించెను. ఆడువారికి గుండెపోటు తక్కువగా వచ్చుటకు కారణము, వారు ప్రతి చిన్న నొప్పికిని ఆస్పిరిన్ మ్రింగుటయు, మగవారు అది ఆడంగితనమని ఏవగించుకొనుటయు కావచ్చునని కూడ ఆయన యూహ. ఆ యూహ ననుసరించి మగవారికే ఆ మాత్రలిచ్చి, 1950లో నాలుగు వందల మందిని, 1956 నాటికి సుమారు ఎనిమిది వేల మందిని లెక్క చెప్పెను. మందు తీసికొనని వేరొక జట్టును ప్రక్కన నిలిపి పోల్చలేదు గనుక పండితులు దానిని లెక్క పెట్టలేదు. 1957లో ఆయనయే గుండెపోటుతో మరణించెను. ఆస్పిరిన్ ఏ మార్గమున పనిచేయునో 1971లో జాన్ వేన్ కనుగొని, 1982లో నోబెలు బహుమానమందెను గాని, మందు మగవారికి సంబంధించినదను వాసన మాత్రము దానికి క్రేవెన్ నాటినుండియే అంటియున్నది.

1971లోనే కెనడా దేశపు నాడీవైద్యులు, హెన్రీ బార్నెట్ నాయకత్వమున, ఒక పెద్ద పరీక్షకు పూనుకొనిరి. కొద్ది నిమిషములు చేయి చచ్చుపడియో, మాట తడబడియో, కన్ను చీకట్లు క్రమ్మియో మరల సర్దుకొను మనుష్యులకు కొన్నాళ్ళలో పూర్తి పక్షవాతము వచ్చు భయము మెండు. అట్టివారిని 585 మందిని చేర్చి, ఎవరికి ఏ మందో రోగికిని వైద్యునికిని తెలియకుండ, కొందరికి ఆస్పిరిన్‌ను, కొందరికి సల్ఫిన్‌పైరజోన్ అను వేరొక మందును, కొందరికి రెంటిని, కొందరికి గుణమేమియు లేని ఉత్తుత్తి బిళ్ళను ఇచ్చి, సగటున ఇరువదియారు నెలలు కనిపెట్టి చూచిరి. 1978లో వెలువడిన ఫలితము ప్రకారము ఆస్పిరిన్ పక్షవాతమునో మరణమునో నూటికి 31 వంతులు తగ్గించెను. అచ్చటితో నిలిపియుండిన బాగుండెడిది. కాని వారు స్త్రీలను వేరుగను పురుషులను వేరుగను లెక్కించిరి; పురుషులలో తగ్గుదల నూటికి 48, స్త్రీలలో చెప్పదగినది లేదు. ఆ పరీక్షలో స్త్రీలు మూడవ వంతైనను లేరు. నాలుగు రకములుగా విడిపోయిన ఆ కొద్దిమందిలో పక్షవాతము వచ్చినవారు మరింత కొద్దిమంది. ఇంత సన్నని ఆధారముపై అమెరికా మందుల శాఖ 1980లో ఆస్పిరిన్‌ను ఈ పనికై అంగీకరించుచు, అంగీకారమును మగవారికి మాత్రమే పరిమితము చేసెను. ముప్పాతిక శతాబ్దముగా ప్రతి ఇంటి పెట్టెలోను ఉన్న ఒక మాత్ర, ఒకే జబ్బునకు, భర్తకు ఔషధమును భార్యకు నిష్ప్రయోజనమును అయ్యెను.

ఇందు చమత్కార మేమనగా, స్త్రీలకు పనికిరాదని ఎవరును నిరూపింపలేదు. పనికివచ్చునని నిరూపించుటకు చాలినంతమంది స్త్రీలను చేర్చలేదు, అంతియే. ఈ రెంటికిని గల వ్యత్యాసమును లోకమునకు వేళాకోళముగా బోధించినది 1988 నాటి ఆక్స్‌ఫర్డు పరీక్ష. గుండెపోటు వచ్చిన 17,187 మందిపై జరిగిన ఆ మహాపరీక్షలో ఆస్పిరిన్ ప్రాణము కాపాడునని నిస్సందేహముగా తేలెను. ఫలితములను ప్రచురింపవలసిన పత్రికవారు, రోగులను చిన్న చిన్న జట్లుగా విడదీసి చూపుడని కోరగా, పరిశోధకులు పుట్టిన రాశిని బట్టి కూడ ఒక పట్టిక వేసి యిచ్చిరి. దాని ప్రకారము మిథున తులా రాశులలో పుట్టినవారికి ఆస్పిరిన్ కొంచెము కీడునే చేసినట్లును, తక్కిన పది రాశులవారికి మహోపకారము చేసినట్లును కనబడెను. అది సాయనమా నిరయనమా యని మన పంచాంగకర్తలు ప్రశ్నింతురు గాక. పరిశోధకుల యాంతర్యము మాత్రము స్పష్టము. ఏ గుంపునైనను చిన్న ముక్కలుగా విడదీయగా విడదీయగా, ఎచ్చటనో ఒకచోట లేని భేదము కనబడి తీరును. రాశిని చూచి నవ్విన వైద్యుడే స్త్రీపురుషుల గడిని చూచి మాత్రము తల యూపెను. ఏలయన, స్త్రీ శరీరము వేరను నమ్మకము అతని మనస్సులో ముందే సిద్ధముగా నుండెను.

ఆక్స్‌ఫర్డువారే ప్రపంచమున జరిగిన పరీక్షల నన్నిటిని ఒకచోట చేర్చి, సుమారు డెబ్బదివేల మంది రోగుల లెక్క తీసి, ఆస్పిరిన్ మొదలగు మందులవలని మేలు స్త్రీపురుషులకు సమానమేయని 1994లో వెల్లడించిరి. అమెరికా శాఖ తన అంగీకారమును స్త్రీలకు విస్తరించినది 1998లో. పదునెనిమిదేండ్లు! ఆ నడిమి కాలమున ఎందరు స్త్రీలకు వైద్యులు ఈ మాత్ర వ్రాయక మానిరో ఎవరును లెక్కింపలేదు, లెక్కించుటయు సాధ్యము కాదు. కథ ఇంకను ముగియలేదు. ఏ జబ్బును లేని 22,071 మంది మగ వైద్యులపై జరిగి 1989లో ముగింపు నివేదిక వెలువడిన పరీక్షలో ఆస్పిరిన్ గుండెపోటును బాగుగా తగ్గించి, పక్షవాతమును తగ్గింపలేదు. 39,876 మంది ఆరోగ్యవతులపై పదేండ్లు జరిగి 2005లో వెలువడిన పరీక్షలో పక్షవాతమును నూటికి 17 వంతులు తగ్గించి, గుండెపోటును తగ్గింపలేదు. 1980లో మెదడు విషయమున ఆడుదానికి పనికిరాదన్న మాత్రయే ఇప్పుడు మెదడు విషయమున ఆడుదానికే పనికివచ్చునదిగా తలక్రిందైనది. 2009లో ఈ పరీక్షల వివరములన్నియు కలిపి మరల తూచినప్పుడు ఈ భేదము కూడ పలుచబడిపోయెను.

ఇట్లనుటచేత స్త్రీపురుష భేదములన్నియు మాయయని నేను చెప్పబోవుట లేదు. మెడలోని ధమని శస్త్రచికిత్స ఇందుకు సాక్ష్యము. 1954 మే 19వ తేదీన లండనులోని సెయింట్ మేరీసు ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ అను మువ్వురు, మరల మరల పక్షవాతపు ఛాయలు వచ్చి పోవుచుండిన రోగి శరీరమును చల్లబరచి, మెడ ధమనిలో ఇరుకైన భాగమును కోసివేసి, రెండు కొనలను కలిపి కుట్టిరి. ఈ విద్యకు లోకమున పేరు తెచ్చిన ఆ రోగి అరువదియారేండ్ల స్త్రీ. కాని నలుబదియేండ్ల తరువాత, జబ్బు లక్షణములు పొడసూపకమునుపే ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నచో మేలా యని 1,662 మందిపై పరీక్షించి 1995లో ప్రకటించినప్పుడు, పురుషులలో పక్షవాతపు భయము నూటికి 66 వంతులు తగ్గగా, స్త్రీలలో 17 మాత్రమే తగ్గినట్లు కనబడెను. ఇచ్చట కారణము కొంత కంటికి కనబడునది: స్త్రీ ధమని సన్నము, శస్త్రచికిత్స సమయమున వచ్చు ఉపద్రవములు పురుషులలో 1.7 శాతము కాగా స్త్రీలలో 3.6 శాతము. ఒకసారి లక్షణము కనబడినవారిని గూర్చి ఆక్స్‌ఫర్డు వైద్యుడు పీటర్ రాత్‌వెల్ 2004లో చూపిన సంగతి మరింత ముఖ్యమైనది. శస్త్రచికిత్స ఆలసించినకొలది దాని ఫలము పురుషులకంటె స్త్రీలలో త్వరగా తరిగిపోవును, రెండు వారములు గడచినచో స్త్రీకి దక్కునది స్వల్పము. అనగా స్త్రీని వేచియుండుమనుట పురుషుని వేచియుండుమనుటవంటిది కాదు. మొదట వేచియుండుమనబడునది మాత్రము తరచుగా ఆమెయే.

స్త్రీ శరీరమును గూర్చిన మరియొక గట్టి నమ్మకము ఈస్ట్రొజెన్ అను హార్మోను చుట్టు పెరిగినది. ముట్లుడిగిన తరువాతనే స్త్రీకి గుండె మెదడు జబ్బులు హెచ్చును గనుక, ఆ హార్మోను రక్షాకవచమని ఊహించిరి. 1960ల చివర అమెరికాలో దానిని మొట్టమొదట పెద్దయెత్తున పరీక్షించినది స్త్రీలపై కాదు, గుండెపోటు వచ్చిన పురుషులపై! ఆ పురుషులకు మేలు గాక కీడు కలుగగా, దానిని మధ్యలోనే ఆపిరి. అయినను స్త్రీలకు మాత్రము అదే మందును మేలు చేయునను ధీమాతో ముప్పదియేండ్లు వ్రాసి యిచ్చిరి. పక్షవాతము వచ్చిన 664 మంది స్త్రీలకు ఇచ్చి చూచిన పరీక్షలో ఏ మేలును కనబడలేదని 2001లో తేలెను. మరుసటి యేట 16,608 మంది స్త్రీల మహాపరీక్షను గడువునకు మునుపే నిలిపివేసిరి. హార్మోనులు తీసికొన్నవారిలో పక్షవాతము నూటికి 41 వంతులు హెచ్చినది. స్త్రీలను పరీక్షలలో చేర్చుకొనక, ఊహలపై మందిచ్చుట ఎంత యపాయకరమో అప్పటికిగాని అందరికిని తెలియలేదు. గర్భము ధరింపగల వయస్సు స్త్రీలను తొలిదశ మందుల పరీక్షలకు దూరముగా నుంచుడని అమెరికా మందుల శాఖ 1977లో సూచించి, 1993లో వెనుకకు తీసికొన్నది. ఆ 1993లోనే, ప్రభుత్వధనముతో జరుగు పరీక్షలలో స్త్రీలను చేర్చుకొనవలెనని చట్టము పుట్టెను. చట్టము పుట్టినంతమాత్రమున పట్టిక నిండదు: 1990 మొదలు 2020 వరకు జరిగిన పక్షవాత పరీక్షలను లెక్కించినవారికి, పాల్గొన్నవారిలో స్త్రీలు సుమారు 37 శాతమని తేలెను.

గడ్డను కరిగించు మందు వచ్చినది 1995 డిసెంబరులో. జబ్బు మొదలైన మూడు గంటలలోపల సూదిమందుగా ఇచ్చినచో, మూడు నెలల తరువాత ఇంచుమించు పూర్తిగా కోలుకొనువారి సంఖ్య కనీసము మూడవ వంతుకు చేరువగా హెచ్చునని 624 మంది రోగుల పరీక్ష నిరూపించెను. నాలుగు పరీక్షల రోగులను కలిపి 2005లో చూచినవారికి మరియొక వింత కానవచ్చెను. మందు పొందని పురుషులలో కోలుకొన్నవారు నూటికి 36.7, స్త్రీలలో 30.3, మందు పొందిన పురుషులలో 38.5, స్త్రీలలో 40.5. మందు లేనిచో వెనుకబడియుండు స్త్రీ, మందుతో పురుషుని సరసన నిలిచెనని దీని భావము. ఇదియు రాశిచక్రమువంటి లెక్కయే కావచ్చునని అనుమానింపవలసినదే. కాని మందు స్త్రీకి తక్కువ మేలు చేయునను వాదమునకు మాత్రము ఇందు చోటు లేదు. మరి ఆ మందు ఎవరికి అందుచున్నది? 2009 నాటికి లెక్కించినప్పుడు స్త్రీకి ఆ సూదిమందు పడు అవకాశము పురుషునికంటె నూటికి 30 వంతులు తక్కువ. 2020లో వెలువడిన లెక్కలో ఆ వ్యత్యాసము 13కు దిగినది గాని పోలేదు.

ఈ వ్యత్యాసమునకు మూలము ప్రకృతిలో కంటె ఇంటిలోను ఆసుపత్రి గడపలోను వెదకవలసియున్నది. స్త్రీకి తొలి పక్షవాతము పురుషునికంటె సగటున నాలుగేండ్లు ఆలస్యముగా వచ్చును. ఆ వయస్సునకు భర్త గతించి ఒంటరిగా నుండుట సాధారణము. రాత్రి ఏ వేళ చేయి పడిపోయినదో చెప్పగలవారు లేనిచో వైద్యుడు సూదిమందు నిచ్చుటకు జంకును, ఏలయన గడియారమే అందులకు అనుమతిపత్రము. పైగా ఆమె మూతి వంకరయో, చేయి వ్రాలుటయో చెప్పుటకు మారుగా, తల తిరుగుచున్నదనియు, ఒంట్లో నీరసమనియు, మనస్సు తికమకగా నున్నదనియు చెప్పుట తరచు; వినువారు దానిని వేవిళ్ళనుండి ముసలితనము వరకు దేనికో ఒకదానికి అంటగట్టుదురు. మన ఇండ్లలో ముసలమ్మ ఎడమచేయి తిమ్మిరెక్కినదన్నచో, తెల్లవారనిమ్మని చెప్పి నూనె రాచెదరు. అదే మాట ఇంటి యజమాని యన్నచో అర్ధరాత్రియే కారు కట్టింతురు. ఆసుపత్రి నుండి వెడలిన పిమ్మట స్త్రీలు హెచ్చుగా పరాధీనలగుదురని, వృద్ధాశ్రమములకు హెచ్చుగా పోవుదురని పాశ్చాత్యుల లెక్కలు చెప్పుచున్నవి. వయస్సును, అంతకుముందున్న అవిటితనమును సరిపుచ్చి చూచినచో ఆ భేదములో అధికభాగము కరగిపోవును. పురుషునికి జబ్బు చేసినప్పుడు సేవ చేయుటకు భార్య యుండును; భార్యకు చేసినప్పుడు సేవ చేయువాడు తరచుగా లేడు. దీనిని జీవశాస్త్రమనుట న్యాయము కాదు.

తొడలోని ధమని గుండ సన్నని గొట్టమును మెదడు వరకు పంపి గడ్డను లాగివేయు చికిత్స 2015లో హాలండు దేశపు 500 మంది రోగుల పరీక్షతో స్థిరపడినది. ఆశ్చర్యము, పాత నాటకమే మరల! ఆ పరీక్షలోని స్త్రీలను వేరుచేసి చూడగా వారికి ప్రయోజనమే లేనట్లును, పురుషులకే యున్నట్లును 2016లో ఒక వ్యాసము వెలువడెను. ఈ తూరి మాత్రము ఎవరును తొందరపడి మగవారికి మాత్రమే యని చీటీ అంటింపలేదు; ఏడు పరీక్షలలోని 1,762 మందిని కలిపి 2019లో చూడగా భేదము లేదని తేలెను. పదునెనిమిదేండ్లు పట్టిన సవరణ మూడేండ్లలో జరిగినది.

గుండెలయ తప్పుటవలన గడ్డలేర్పడి మెదడున కెక్కు పక్షవాతము వృద్ధస్త్రీలలో హెచ్చు. వచ్చినప్పుడు బలమైనది వచ్చును. ఎవరికి రక్తము పలుచజేయు మందీయవలెనో తేల్చుటకు 2010లో వాడుకలోనికి వచ్చిన మార్కుల పట్టికలో వయస్సు, రక్తపుపోటు, మధుమేహములతోపాటు స్త్రీయై పుట్టుటకు కూడ ఒక మార్కు వేసిరి. తక్కిన దోషములేవియు లేని స్త్రీకి ఆ మార్కు ఒంటరిగా ఏ యర్థమును ఈయదని క్రమముగా గ్రహించి, 2024లో ఐరోపా హృద్రోగ వైద్యసంఘము దానిని పట్టిక నుండి తీసివేసినది. అమెరికా వారి 2023 నాటి సూచనలలో అది అట్లే యున్నది. కావున నేడు డెబ్బదియైదేండ్ల వయస్సు గలిగి, గుండెలయ తప్పి, వేరే జబ్బేమియు లేని స్త్రీకి అట్లాంటిక్ సముద్రమున కీవల రెండు మార్కులు, ఆవల మూడు మార్కులు పడును. ఆమెకు వ్రాసి యిచ్చు మందు మాత్రము ఇరుదరుల ఒకటియే.